పదో బిస్కెట్టు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. అంగట్లో అమ్మే ప్యాకెట్టు ఎప్పుడూ ఒకేలా ఉంటుందని ఒకటి, నేనాడిన అబద్ధం ఎప్పటికీ నిజం కాదని ఇంకొకటి. పెళ్లయిన రెండు నెలలకే రెండూ ఒక్కసారిగా పోయాయి. ఇప్పుడు సబ్బో టీపొడో చేతిలోకి తీసుకుని, ధర అట్లాగే ఉండి తూకం మాత్రం తగ్గిన సంగతి కళ్లద్దాలు పెట్టుకుని చదివినప్పుడల్లా, కోపం రావాల్సిన చోట నాకు ఆశ్చర్యమే వస్తుంది. ఆ ఆశ్చర్యం మొదలైంది మా అత్తగారింట్లో, సాయంత్రం టీలోకి తినే బిస్కెట్టుతో.

మా పుట్టిల్లు బేతంచెర్ల. మా నాన్న తాతల నాటి మగ్గం వదిలేసి బండల పాలిషింగు పనికి పోయినవాడు. నన్ను ఇచ్చింది మాత్రం జమ్మలమడుగు వైపు, మగ్గం ఇంకా ఆడుతున్న ఇంటికే. ఆ ఇంట్లో మామ, అత్త, మా ఆయన, మరిది, నేను, మొత్తం అయిదుగురం. ప్యాకెట్టుకు పది బిస్కెట్లు. నాలుగు గంటలకు మగ్గం ఆగుతుంది, టీ వస్తుంది, తలా రెండు. కొత్త కోడలిని కాబట్టి ప్యాకెట్టు విప్పి పంచే పని నాది. ఒకరోజు విప్పగానే కమ్మటి వాసన వచ్చి, వంటింట్లోనే ఒకటి నోట్లో వేసుకున్నాను. మిగతావాళ్లకు రెండేసి పెట్టి, నా పళ్లెంలో ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. అత్త కళ్లు నా పళ్లెం మీద పడ్డాయి.

"ఏమ్మే, నీకొకటే ఉండాదేమి?"

"ప్యాకెట్టులో తొమ్మిదే వచ్చినాయత్తా" అన్నాను, కొంచెం కూడా తడబడకుండా. "అట్లనా" అని అత్త తన బిస్కెట్టును విరిచి సగం నా పళ్లెంలో పెట్టింది. (అది కూడా తిన్నాను. ఆ మాట ఒప్పుకోవాలి.)

సరిగ్గా వారం తిరిగేసరికి, నేను ప్యాకెట్టు విప్పి చూస్తే తొమ్మిదే ఉన్నాయి. మూడుసార్లు ఎంచాను. కాగితం దులిపాను, పొయ్యి వెనక వెతికాను, నా నోట్లో ఏమైనా ఉందా అని కూడా చూసుకున్నాను. తొమ్మిదే. నేనాడిన అబద్ధం ఎక్కడో ఉన్న కంపెనీవాళ్లకు వినిపించి, వెంటనే నిజం చేసి పంపించారేమో అనిపించింది. మరునాడూ తొమ్మిదే. ఆ మరునాడూ అంతే. ఈసారి అత్త బిస్కెట్టు విరవలేదు.

"నువ్వు విప్పే ప్యాకెట్టులోనే తక్కువ వస్తాండాయేమ్మే? ఆదివారం మీ నాయన వస్తాడు గదా, బిడ్డకు ఇంగ కొంచెం తిండి పెట్టి పంపుంటే బాగుండునప్పా అని చెప్తాలే" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వులాట కాదు. పెళ్లి మాటలప్పుడు మా నాన్న గొప్పగా చెప్పుకున్నది ఒకే ఒక్క మాట: "మా పాప నోరు తెరిచి ఒగటి అడగదు, అబద్ధం చెప్పదు." ఆ మనిషిని అదే ఇంట్లో కూర్చోబెట్టి, నీ కూతురు బిస్కెట్ల దొంగ అంటే ఆయన తల ఎత్తుకోగలడా?

అందుకని నాకు తోచిన ఉపాయం చేశాను. ఎవరూ చూడకుండా ఇంకో ప్యాకెట్టు కొన్నాను. రోజూ అందులోనుంచి ఒకటి తీసి కలిపితే పది అవుతాయి, పరువు నిలబడుతుంది. కానీ మిగిలినవి దాచడం ఎక్కడ? వంటిల్లు అత్తది, పెట్టె తాళం చెవి కూడా అత్త దగ్గరే. ఇల్లంతా వెతికి, మామ కాళ్లు తప్ప ఇంకెవరూ దిగని చోటు ఒకటి కనిపెట్టాను. మగ్గం గుంట. (ఆయన కాళ్లు ఆ గుంటలోనే పొద్దంతా ఆడుతుంటాయన్న సంగతి నా తెలివికి తట్టలేదు.)

శనివారం పొద్దున మగ్గం చప్పుడు మధ్యలో కరకరమని ఇంకో చప్పుడు వినిపించింది. తొక్కుడు చెక్క విరిగిందేమోనని మామ వంగి, పొడి రాలుతున్న ప్యాకెట్టును పైకి తీశాడు. "ఏమే, మన మగ్గం బిస్కెట్లు తింటాండాది, వచ్చి సూడు" అని అత్తను పిలిచాడు.

నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను, మొదటి బిస్కెట్టు సంగతి తప్ప. అత్త నమ్మలేదు. "మిషను కట్టిన ప్యాకెట్టులో తక్కువెట్ల వస్తాదిమ్మే?" అంది. మామ మరిదిని అంగడికి పంపి కొత్త ప్యాకెట్టు తెప్పించి, "నువ్వే విప్పు" అని అత్త చేతికిచ్చాడు. అత్త విప్పి, ఒక్కొక్కటే తీసి పళ్లెంలో పేర్చింది. తొమ్మిది. ఖాళీ కాగితంలోకి ఒక కన్ను పెట్టి చూసింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు లేచిపోయి, నూలు చుట్టిన కండెల బుట్ట అడుగున పరిచిన పాత ప్యాకెట్టు కాగితం తీసుకొచ్చింది.

మామ రెండు కాగితాలనూ మగ్గం మీది గుడ్డపై పక్కపక్కన పరిచి, చీరను సవరించినట్టు అరచేత్తో సవరించాడు. వేలు పెట్టి కొలిచాడు.

"బొమ్మ తగ్గలే, రంగు తగ్గలే, ధర తగ్గలే. ఒక్క వేలు మందం తగ్గింది. ఎవురోగానీ శానా పెద్ద పనోడు. ఇన్ని ఇండ్లల్లో చెయ్యి పెట్టి తలా ఒగటి తీసుకున్యాడు, యాడా తలుపు చప్పుడు గాలే."

గుడిలో నిలబడ్డట్టు అందరం ఆ కాగితాల చుట్టూ నిలబడ్డాం. బేతంచెర్లలో, ఓర్వకల్లులో, వేంపల్లెలో, టీ తాగే ప్రతి ఇంట్లో, నాలాంటి కోడలు ఒకతి తొమ్మిది బిస్కెట్లు ముందు పెట్టుకుని బిత్తరపోతున్నట్టు నాకు కనిపించింది. నా దొంగతనం ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. ఆ మైమరపులోనే మామ నోరు జారాడు.

"నేను వయసులో ఉన్నప్పుడు ఒగ చీర జానెడు తగ్గించి నేస్తేనే సావుకారి పట్టుకుని మొగాన ఇసిరి కొట్టె."

అత్త మెల్లగా తలెత్తింది. "ఆ చీర ఏం జేస్తివి?"

మామ మగ్గం వైపు తిరిగాడు.

"పచ్చంచుదేనా? పెండ్లికి నాకు పెట్టిందేనా?"

"నేసిన చీర పారేస్తామా యాడన్నా" అన్నాడు మామ, గుంటలోకి దిగుతూ.

అత్త కూలబడింది. "ముప్పై ఏండ్లాయె గదయ్యా. కుచ్చిళ్లు తక్కువొస్తాండాయి, లావైపోతినేమో అని పొద్దుపొద్దునా బువ్వ తగ్గించుకుంటాంటి" అంది. అందరికంటే ముందు నవ్వింది కూడా ఆమే. కళ్లు తుడుచుకుంటూ నవ్వి, విరిగిన బిస్కెట్లన్నీ నా పళ్లెంలో పోసింది.

ఆదివారం నాన్న వచ్చాడు. అత్త ఆయనకు టీ ఇచ్చి, "నీ బిడ్డ అబద్ధం చెప్పదప్పా, మేమే తప్పుగా అనుకుంటిమి" అంది. నాన్న మొహం వెలిగిపోయింది. నేను తల వంచుకున్నాను. (సిగ్గు అనుకున్నారు.) మొదటి బిస్కెట్టు సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాన్న మొహం చూసి చెప్పలేకపోయాను. చెప్పే ధైర్యం వచ్చేనాటికి ఆయన లేడు.

ఆ పచ్చంచు చీరను అత్త నాకే ఇచ్చింది. "సన్నగా ఉండావు, నీకు సరిపోతాదిలే" అంది. అప్పట్లో కట్టుకుంటే నిజంగానే నిండుగా కుచ్చిళ్లు వచ్చేవి. మొన్న ఎందుకో అప్పటి నేను, ఆ కొత్త కోడలు పిల్ల గుర్తొచ్చి, చీరను బయటికి తీసి కట్టుకుని చూశాను. రెండు కుచ్చిళ్లు తగ్గాయి. అద్దం ముందు చాలాసేపు నిలబడి ఆలోచిస్తే ఒక్కటే తోచింది. పెట్టెలో పెట్టి తాళం వేసిన చీరను కూడా, తలుపు చప్పుడు కాకుండా, ఎవరో తగ్గిస్తున్నారు.