నేను గెలిచిన ఆదివారం

మొన్న కొత్త టీవీని గోడకు బిగించడానికి వచ్చిన మనిషి, పాత టీవీ కింద పెట్టి ఉన్న జానెడు పొడుగు నల్లటి కెమెరాను ఊడదీసి, "గిదిప్పుడు ఎవ్వలు వాడుతలేరు మేడం, పడెయ్యాల్నా?" అని అడిగాడు. పడేయమన్నాను. అతను దాన్ని థర్మాకోల్ ముక్కలతో పాటు అట్టపెట్టెలో వేసుకుని వెళ్ళిపోయాక, చేస్తున్న పని వదిలేసి చాలాసేపు కుర్చీలోనే కూర్చుండిపోయాను. ఇది మా పిల్లల వయసు వాళ్ళకు చెబితే నవ్వుతారు. నా ఈడు ఆడవాళ్ళు మాత్రం నవ్వరనుకుంటాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కరెంటు ఆఫీసులో స్తంభాలెక్కే పనితో మొదలుపెట్టి, పదిమంది చేత స్తంభాలెక్కించే స్థాయికి వచ్చిన మనిషి, రిటైరయి ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున ముఖం కడుక్కుంటూ కుడిచేతిలోని చెంబు జారవిడిచి, అక్కడే కూలబడిపోయారు. మహబూబ్‌నగర్ దవాఖానలో కొన్నాళ్ళు, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి తెచ్చుకున్నాం. మాట వచ్చింది, కాలు కూడా చాలావరకు వచ్చింది, చేయి మాత్రం రాలేదు. నేను అప్పటికింకా జడ్చర్ల దగ్గర ఒక బడిలో టీచరుగా చేస్తున్నాను, దీర్ఘ సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చి చేయి ఎత్తమని, దించమని, మళ్ళీ ఎత్తమని ఓపిగ్గా చెబుతుంటే ఆయనకు నామోషీగా ఉండేది. "నేనేమన్న ఒకటో తరగతి పోరన్నా, చెయ్యెత్తు దించు అంటానికి?" అని గోడవైపు తిరిగేవారు. ఆ అమ్మాయి వెళ్ళిపోతూ గేటు దగ్గర నాతో, ఈ ఆరునెలలే ముఖ్యమనీ, ఇప్పుడు కదిలించకపోతే ఆ చేయి ఇక బిగుసుకుపోతుందనీ చెప్పేది.

అప్పుడే హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఆ కెమెరా ఉన్న ఆట పెట్టెను తెచ్చి టీవీకి తగిలించింది. చేతిలో ఏమీ పట్టుకోనక్కర్లేదు, టీవీ ముందు నిలబడి చేయి ఊపితే కెమెరా చూసి, తెరమీద ఉన్న బొమ్మ కూడా అలాగే చేయి ఊపుతుంది. అందులో బౌలింగ్ అని ఒక ఆట ఉంది, నున్నటి చెక్కబాట మీద బంతిని దొర్లించి దూరంగా నిలబెట్టిన పది సీసాల్లాంటి కట్టెలను పడగొట్టాలి. వ్యాయామం అంటే ముఖం తిప్పుకునే మనిషి, మొదటిరోజే ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని వెనక్కి లాగి ముందుకు ఊపారు. తెరమీద మూడు కట్టెలు పడ్డాయి. దవాఖాన నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఒక్కరే ఆడితే విసుగని నన్ను పక్కన నిలబెట్టుకునేవారు. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నార్కట్‌పల్లి దగ్గరి బడిలో చదువుకునే రోజుల్లో నేను రింగు ఆటలో నల్లగొండ జిల్లా జట్టుకు ఎంపికైన పిల్లను. నాయిన కూలికి పోయే మనిషైనా, ఆటల పోటీలకు నన్ను పక్క ఊళ్ళకు తానే వెంటబెట్టుకుని పోయేవాడు. ఉద్యోగం వచ్చి పెళ్ళయిన కొత్తలో, టీచర్ల ఆటల పోటీలకు పేరిచ్చి వస్తే మా ఆయన, "పెండ్లయిన ఆడిది గ్రౌండ్ల ఉరుకుతదా? నలుగురు జూస్తే నాకేం ఇజ్జతుంటది?" అన్నారు. మరునాడు వెళ్ళి పేరు కొట్టేయించుకుని వచ్చాను. ఆ తర్వాత మళ్ళీ నేను అడగలేదు, ఆయనకు ఆ మాట గుర్తు కూడా లేదు.

అటువంటి నాకు ఆ బౌలింగ్ రెండోరోజుకే పట్టుబడింది. కానీ ఓడిపోవడం మొదలుపెట్టాను. విసిరేటప్పుడు మణికట్టు కొంచెం పక్కకు తిప్పితే చాలు, బంతి చెక్కబాట పక్కనున్న కాలువలో పడిపోయేది. నేను ఓడినకొద్దీ ఆయన ఇంకో ఆట, ఇంకో ఆట అనేవారు, ఆడినకొద్దీ చేయి కొద్దికొద్దిగా లేచేది. మూడు నెలలు తిరిగేసరికి ఎడమచేయి సాయం లేకుండానే భుజం దాకా ఎత్తగలిగారు. ఫిజియోథెరపీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నా ఓటములను నేనే లోలోపల మెచ్చుకున్నాను, అది కూడా ఒప్పుకోవాలి.

ఒక ఆదివారం ఆయన పాత ఆఫీసువాళ్ళు ముగ్గురు పరామర్శకు వచ్చారు. వాళ్ళకు చూపించాలని ఆయన ఉత్సాహపడి, టీ కప్పులు సర్దుతున్న నన్ను పిలిచి ఆట పెట్టించారు. ఎప్పటిలాగే ఓడిపోయాను. వాళ్ళు భేష్ అంటుంటే ఆయన సోఫాలో కూర్చుని ఆయాసపడుతూ, నవ్వుతూ, "పెండ్లయిన కాడికెల్లి జూస్తున్న, ఈమెకు ఓడుడు తప్ప ఇంకోటి రాదు" అన్నారు. ముగ్గురూ నవ్వారు. ఆ పొద్దున కూడా ఆయనకు స్నానం చేయించి, గుండీలు పెట్టి, గడ్డం గీసింది నేను. ఆ మాటకు ఎందుకంత మండిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

"ఇంకొక్క ఆట ఆడుదాం, లెవ్వుండ్రి" అన్నాను.

కొంగు నడుముకు చుట్టి నిలబడ్డాను. మొదటి బంతికే పది కట్టెలూ పడ్డాయి. రెండోసారీ పదీ పడ్డాయి. మూడోసారికి వచ్చినవాళ్ళు నవ్వడం ఆపేశారు. ఆయన తన వంతుకు కంగారుగా చేయి ఊపితే, బంతి కాలువలోకి పోయింది. నేను ఆగవచ్చు, మణికట్టు పక్కకు తిప్పవచ్చు. తిప్పలేదు. ఆట చివరిదాకా ఆడి గెలిచాను. నా ఒంట్లో పదిహేనేళ్ళ పిల్ల లేచి నిలబడినట్టుగా, సిగ్గులేనంత సంతోషం కలిగింది.

వచ్చినవాళ్ళు బస్సు వేళైందని తొందరగా లేచి వెళ్ళిపోయారు. ఆయన నా వైపు చూడకుండా అడిగారు: "ఇన్ని దినాలు నన్ను పోరన్ని జేసి ఆడిచ్చినవా?"

"చెయ్యి రావాలెనని..." అన్నాను.

"నాకు చెయ్యి ఒద్దు, ఏమొద్దు. దాన్ని బందువెట్టు."

అంతే. మళ్ళీ టీవీ ముందు నిలబడలేదు. నేను బతిమాలాను, అమ్మాయి వచ్చి ఏడ్చింది, ఫిజియోథెరపీ అమ్మాయి కోప్పడి చివరికి రావడం మానేసింది. వానాకాలం వెళ్ళేసరికి ఆ చేయి మోచేతి దగ్గర మడతపడి ఛాతీకి అంటుకుపోయింది. అలాగే నాలుగేళ్ళు బతికారు. అన్నం నేనే తినిపించాను, నోరు తెరిచేవారు తప్ప నా ముఖం చూసేవారు కాదు. పోయిన రోజున ఆ చేతిని సాపు చేయడానికి మా తోటికోడలు ప్రయత్నిస్తుంటే, ఉండనీయమన్నాను.

ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ ఒక్క ఆట కూడా ఓడిపోయి ఉంటే ఆ చేయి బాగయ్యేదేమో. అది నా తప్పే, కాదనను. కానీ మా కాపురమంతా కలిపి నేను గెలిచింది ఆ ఒక్కసారే, దాన్ని కూడా వెనక్కి ఇచ్చేయమంటే మనసు ఒప్పుకోదు. ఈ రెండు మాటలూ నాలో ఒకదానితో ఒకటి ఇప్పటికీ పొసగవు.

పోయిన నెల అమ్మాయి ఇంట్లో నాలుగు రోజులున్నాను. సాయంత్రాలు అమ్మాయీ అల్లుడూ టీవీ ముందు నిలబడి, చేత్తో పట్టుకుని ఊపే కొత్త రకం ఆట పెట్టెతో టెన్నిస్ ఆడుతూ, పాయింటు పాయింటుకూ పోట్లాడుకుంటుంటే వంటింట్లో కూర తరుగుతూ విన్నాను. మా అమ్మాయి గెలిచి వీధిదాకా వినబడేలా కేక వేసింది. నా చేతిలో కత్తి ఆగిపోయింది, అల్లుడు ఏమంటాడోనని భయంతో చెవులు రిక్కించాను.

"తొండి జేసినవ్. మల్లాడుదాం, రా" అన్నాడు అతను నవ్వుతూ.