రిపోర్టు పుట్టింట్లో ఉంది

కాడుగోడి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా ఆ ఉదయం నాకు ప్రాణం తెరిపిన పడలేదు. అప్పుడు నాకు ఐదో నెల. ఆసుపత్రిలో రాసిచ్చిన చీటీలో హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉందని చూసి, "నా మీద అనుమానమా?" అన్నారు మా ఆయన. మా అత్తగారే ఉపాయం చెప్పారు: "పరీక్ష అయిపోయింది, రిపోర్టు పుట్టింట్లో ఉందని నర్సుకు చెప్పెయ్."

పక్క సీట్లో ఒకావిడ, ఒళ్ళో ఏడెనిమిదేళ్ళ కూతురు. ఆవిడ నా చేతిలోని చీటీ చూసి, "ఈ టెస్టులన్నీ చేపిచ్చుకుంటివా?" అని అడిగింది. నర్సుకు చెప్పాల్సిన అబద్ధం ముందు ఆవిడకే చెప్పాను.

తొమ్మిదింటికి ఆవిడ ఫోన్‌లో అలారం మోగింది. సంచిలోంచి మాత్రలు తీస్తుండగానే, ఎవరూ చెప్పకుండా పిల్ల నోరు తెరిచింది. దాని నోట్లో ఒకటి వేసి, తనొకటి మింగింది.

"నేనూ అదే చెప్తినప్పా, రిపోర్టు అమ్మోళ్ళింట్లో ఉండాదని," అంది మెల్లగా. "అప్పుడే టెస్టు చేపిచ్చుకోని మందు తినింటే దీనికి వచ్చేది కాదు."

హూడి స్టాపులో ఇద్దరూ దిగిపోయారు. పిల్ల నాకు టాటా చెప్పింది.

ఆసుపత్రిలో "ఈ పరీక్ష ముందే అయిందా?" అని నర్సు అడిగితే, లేదని చెయ్యి చాపాను.

ఏమీ లేదని వచ్చిన రిపోర్టును బీరువాలో మా ఆయన చొక్కాల మీదే పెట్టాను. అందులో ఏముందని ఆయన ఇవాళ్టికీ అడగలేదు.