వదిన దించిన అద్దం

మా వదిన విదోసావకు భయపడటం వచ్చినంత బాగా మరొకరికి రాదు. తడి తలతో గడప దాటితే మెదడు వాస్తుందని, సిమెంటు మెట్టు మీద కూర్చుంటే కడుపు పండదని, చెమట మీద చన్నీళ్లు తాగితే ఊపిరితిత్తులు పోతాయని ఆమె భయం. అన్నిటికంటే పెద్ద భయం గాలి. ఒక కిటికీలోంచి దూరి ఇంకో కిటికీలోంచి పోయే గాలిని మా వైపు ప్రోమాయ అంటారు. మెడ పట్టేసినా, పన్ను పోటెత్తినా, పక్కింటి ముసలాయన మంచాన పడినా తప్పంతా ప్రోమాయదే. ఈ నమ్మకం మా ఊరు అరిల్యెలో అందరికీ ఉంది, నాకూ కొంత ఉంది. వదినకు మాత్రం అది మతం. బస్సులో ఎవరైనా రెండో కిటికీ తెరిస్తే ముక్కూ మొహం తెలియని వాళ్లతో కూడా తగాదా పెట్టుకునేది.

"వదినా, నువ్వు పోయాక శవపెట్టెకు మూత గట్టిగా బిగించమని చెప్పనా? సందులోంచి గాలి కొడుతుందేమో!" అనేవాణ్ని.

"నవ్వరా గోయ్కో, నవ్వు. మెడ పట్టేసిన రోజు సారా పెట్టి రుద్దమని నా దగ్గరికే వస్తావుగా," అనేది. వెళ్లేవాణ్ని కూడా.

మా ఊరి బతుకంతా రాస్ప్‌బెర్రీ పళ్ల మీదే. వేసవిలో కోసి, కోసిన రోజే గడ్డకట్టించి, ఏడాది పొడుగునా లారీల్లో పంపుతాం. సముద్రాల అవతలి కొనుగోలుదార్లు మాత్రం ముందు నమూనా పెట్టెలు అడుగుతారు. అవి విమానంలో పోవాలి. కోల్డ్ స్టోరేజీలో ఆ పెట్టెలు కట్టే పని వదినది. అన్నయ్య రాదిసావ్ అక్కడే యంత్రాలు చూసేవాడు. పెట్టెల్ని బెల్‌గ్రేడ్ విమానాశ్రయానికి చేర్చేది నేను.

పళ్ల చుట్టూ డ్రై ఐస్ పోస్తారు. అది కరిగి నీరవదు, రంగూ వాసనా లేని గాలిగా మారిపోతుంది. మూత బిగిస్తే పెట్టె పగులుతుంది కాబట్టి వదులుగా ఉంచాలి. ఆ గాలి మూసిన చోట పేరుకుంటే మనిషి ప్రాణానికి ముప్పు. అందుకే ప్రతి పెట్టె మీదా హెచ్చరిక చీటీ ఉంటుంది. వదిన తన చేత్తో వందల చీటీలు అంటించింది. అవి విమానం వాళ్ల కోసమని మా అందరి లెక్క. మా వ్యానులో సరుకుకూ సీటుకూ మధ్య ఇనప గోడ ఉండేది, మాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆ జనవరిలో, మా ఇంటి వేల్పు పండుగ మర్నాడు, గోడ ఉన్న వ్యాను మెకానిక్కు దగ్గర పడి ఉంది. కంపెనీలో ఉన్న ఇంకో డొక్కు వ్యాను ఇచ్చారు. దానికి గోడ లేదు. అదే రోజు వదిన కూతురు నెవెంకకు చెవిపోటు ఎక్కువైంది. రెండు కడుపులు నిలవక, ఆశ వదులుకున్నాక పుట్టిన పిల్ల నెవెంక. అప్పుడు ఒకటో తరగతి. వెల్లుల్లి కాచిన నూనె పోశారు, సారాలో ముంచిన మేజోళ్లు తొడిగారు, జ్వరం దిగలేదు. బెల్‌గ్రేడ్ ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు.

"ఎలాగూ పోతున్నావుగా, వీళ్లనీ ఎక్కించుకో," అన్నాడు అన్నయ్య.

మంచుకు విమానం ఆలస్యమైతే పళ్లు పాడవుతాయని భయపడి వదిన ఆ రోజు రెండింతలు ఐసు పోసింది. పిల్లను శాలువాలో చుట్టి ముందు సీట్లో ఒళ్లో పడుకోబెట్టుకుంది. తలుపు సందులో మఫ్లరు కుక్కింది.

"అద్దాలు బిగించు. హీటరు బయటి గాలి లాక్కోకుండా లోపలిదే తిప్పు. దాని చెవిలో గాలి దూరిందంటే నిన్ను నరికేస్తాను."

"సరే తల్లీ, ఊపిరి మాత్రం పీల్చుకోనిస్తావా?" అన్నాను.

అప్పటికి పెద్ద రోడ్డు పడలేదు. రుద్నిక్ కొండ ఎక్కి దిగాల్సిందే. చాచక్ ఊరు దాటాక మంచు మొదలైంది. కొండ మొదట్లోనే నాకు తల దిమ్మెక్కింది, ఆవులింతలు ఆగలేదు.

"రాత్రి తాగిన సారా ఇంకా దిగలేదు వెధవకి," అంది వదిన. నాకూ అదే అనుమానం. అందుకే నోరు మూసుకున్నాను.

కాసేపటికి ఆమె రొప్పడం మొదలుపెట్టింది. గుండె దడదడలాడుతోందంది. "నెమ్మదిగా పోరా, ఈ మలుపులు చూస్తే నాకు ప్రాణం పోతోంది."

"నీకు రోజూ పోయేదేగా," అన్నాను. ఆమె కూడా అలాగే అనుకుంది. పుట్టినప్పటి నుంచీ ఉత్తుత్తి దడ అలవాటైన మనిషికి, నిజంగా ప్రాణం మీదికి వచ్చిన దడ వేరుగా తెలియలేదు. ఆ మాటకొస్తే నా గుండె కూడా అలాగే కొట్టుకుంటోంది. మంచుకు భయపడుతున్నానని ఒప్పుకోవడం ఇష్టంలేక బింకంగా కూర్చున్నాను.

"పిల్ల నిద్రపోయింది. దేవుడు చల్లగా చూశాడు, నొప్పి తగ్గినట్టుంది," అని గుసగుసలాడింది.

కొండ మీదికి వచ్చేసరికి రోడ్డు రెండుగా కనబడింది. బండి ఒకసారి పక్కనున్న మంచు గట్టును రాసుకుంది. అంత కుదుపుకు కూడా పిల్ల కదల్లేదు. వదిన శాలువా తీసి చూసింది.

"నెవెంకా. ఒసేయ్ నెవెంకా. చిట్టితల్లీ, లేవవే."

పిల్ల పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. చెయ్యి ఎత్తి వదిలితే కింద పడిపోయింది. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. నా చేతులు స్టీరింగు మీద ఉన్నాయి గాని అవి నావిలా లేవు. పిల్ల చచ్చిపోయిందని అనుకున్నాను. బండి ఆపాలని తోచడానికి కూడా చాలాసేపు పట్టినట్టనిపించింది.

"ఆపు!" అని వదిన పెట్టిన కేక నాకు ఇప్పటికీ కలలో వస్తుంది.

బండి పూర్తిగా ఆగకముందే తలుపు తన్ని, పిల్లను ఎత్తుకుని దూకేసింది. గ్యాసు సంగతి అప్పటికి ఆమెకు తెలియదు. మంచుతో మొహం రుద్దితే లేస్తుందేమోనని ఆశ, అంతే. కొండ మీద గాలి ఈడ్చి కొడుతోంది. ఆ గాలిలో, ఆ మంచు మీద, పిల్లను పడుకోబెట్టి, తలగుడ్డ లాగేసి, కోటు గుండీలు తెంచి, మొహానికి మంచు రుద్దింది. జన్మలో పిల్లకు జరగనివ్వకూడదనుకున్నవన్నీ తన చేతులతోనే చేసింది. నేను దిగబోయి మోకాళ్ల మీద పడ్డాను. రెండు గుక్కలు చల్లగాలి పీల్చేసరికి తల తేటపడింది. అప్పుడు వెనక్కి చూస్తే, తెరిచిన తలుపులోంచి తేమ తగిలి పెట్టెల చుట్టూ తెల్లటి పొగ పాకుతోంది.

"వదినా, ఐసు! ఐసు గాలి!"

ఆమె పెట్టెల వైపు చూసింది. తను అంటించిన చీటీలన్నీ వరుసగా కనబడుతున్నాయి. పిల్లను ఇంకా గాలికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. ఎంతసేపో చెప్పలేను. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, తెలియని వాళ్లకూ మొక్కాను. చివరికి నెవెంక ఒక్కసారి ఉలిక్కిపడి ఎగపీల్చింది. వాంతి చేసుకుంది. ఏడ్చింది. ఆ ఏడుపు విని మేమిద్దరం కూడా బావురుమన్నాం.

పెట్టెలన్నీ రోడ్డు పక్కకు విసిరేశాను. ఆ పళ్లు ఏ విమానమూ ఎక్కలేదు, కంపెనీ నన్ను నాలుగు తిట్టి ఊరుకుంది. బెల్‌గ్రేడ్ దాకా రెండు వైపులా అద్దాలు దించే వెళ్లాం. వదిన వైపు అద్దం ఆమే దించింది. మంచు ముక్కలు లోపలికి కొడుతున్నాయి.

"అమ్మా, చెవి నొప్పే. అద్దం ఎక్కించవే," అని పిల్ల దారంతా ఏడ్చింది.

"ఎక్కించను, నా బంగారం. ఎక్కించను," అంటూ వదిన దారంతా వణికింది.

ఆ వారమే నెవెంక చెవికి ఆపరేషను చేశారు. ఎడమ చెవి వినికిడి పోయింది. చీము ఎముక లోపలికి ఎప్పుడో దిగిందని, గాలికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ మూడు రకాలుగా చెప్పి చూసింది. వదిన తల ఊపింది. బయటికి వచ్చాక, "చెవి ఇచ్చి పిల్లను తెచ్చుకున్నాను గోయ్కో," అంది.

డ్రై ఐస్ పని మళ్లీ ముట్టుకోలేదు, పళ్లు ఏరే బల్ల దగ్గరకు మారిపోయింది. ప్రోమాయ భయం పోయిందా అంటే పోలేదు. కాకపోతే మూసిన గది భయం కూడా తోడైంది. చలికాలమైనా ఇంట్లో ఒక కిటికీ తెరిచే ఉంచుతుంది, రెండోది తెరవనివ్వదు. అన్నయ్య ఇంట్లో కూడా టోపీ పెట్టుకునే తిరుగుతాడు.

మొన్న ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. నెవెంక పెరట్లో గడ్డి మీద వినపడే కుడి చెవిని అరచేతికి ఆనించుకుని పడుకుని పుస్తకం చదువుకుంటోంది. ఇప్పుడు మా భుజాల దాకా ఎదిగింది. వదిన గుమ్మంలోంచి పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలిచింది. ఆ పిల్లకు ఎడమవైపు వినపడదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా చేతిలో సూపు గిన్నె నేల మీద పడేసి పరుగెత్తింది, వెళ్లి కూతురి ముక్కు కింద వేలు పెట్టింది.

"ఊపిరి తీస్తూనే ఉన్నానే అమ్మా," అంది నెవెంక, పేజీ తిప్పుతూ.