అవతలి ఒడ్డుకు రంగు పెచ్చులు

మా చెరువులో తిరిగే పడవలన్నిటికీ బాబామియా చాచానే డాక్టరు. రేగొండ దగ్గరి మా ఊళ్లో ఎవరి పడవ అడుగున నాచు పట్టినా, చెక్క ఉబ్బినా బోర్లించి ఆయన్ను పిలవాల్సిందే. ఇనుప బద్దతో పాత రంగు గీకి, గరుకు కాగితంతో రుద్ది, కొత్త రంగు వేసేదాకా ఆయన నోరు ఊరుకోదు. పడవను తిడతాడు, రంగులమ్మేవాణ్ని తిడతాడు, పడవ మనదైతే మనల్ని ఇంకొంచెం గట్టిగా తిడతాడు. ఇంతా చేసి పడవ ఎక్కమంటే మాత్రం ఎక్కడు. "నీ పనిమీద నీకే నమ్మకం లేదా చాచా?" అని ఎన్నిసార్లు ఆటపట్టించామో! నవ్వేసి మళ్లీ గీకుడు మొదలుపెట్టేవాడు.

పోయిన ఎండాకాలం నన్ను చేపల సంఘానికి అధ్యక్షురాలిని చేశారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ తాగేది మా చెరువు నీళ్లే. అధికారులు వచ్చి, పాత రంగుల్లో సీసం ఉంటుందనీ, ఆ పొడి నీళ్లలో కలిస్తే చేపలకూ మనుషులకూ చేటనీ చెప్పారు. ఇక ఒడ్డున పడవ గీకకూడదు. కట్ట కింది రేకుల షెడ్డులోనే గీకాలి. కింద పట్టా పరవాలి, దుమ్ము లేవకుండా తడిపి రుద్దాలి, రాలినదంతా సంచికెత్తి అప్పజెప్పాలి. నాకు ఆ నియమాలు నచ్చాయి. మా ఇంట్లో అన్నం ఉడికేదీ ఆ నీళ్లతోనే.

చాచా కూడా "అచ్ఛా" అని తలూపాడు. మొదట మా పడవే షెడ్డుకెక్కింది. గీకుడు అయిపోయిన మర్నాడు పొద్దున నేను నీళ్లకు పోతే, ఆయన రేవులో వంగి కనిపించాడు. చేతిలో రుమాలు ఉంది. అందులోంచి మా పడవ నీలి పెచ్చులు గుప్పెడు తీసి మెల్లగా నీళ్లమీద వదులుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంది చాచా గిది? నీ మనుమలు తాగరా గీ నీళ్లు?"

ఆయన దాచలేదు. "గాలి జూడు బిడ్డా. పొద్దటిపూట గటే పోతది" అన్నాడు. పెచ్చులు ఒక్కొక్కటే అవతలి ఒడ్డువైపు కదులుతున్నాయి.

అవతల ఆయన పాత ఊరు. హాజిరా చాచీ బతికున్నప్పుడు వాళ్ల కాపురం అక్కడే. ఆయన ఇక్కడ పడవ గీకుతుంటే రంగు పెచ్చులు కొట్టుకుపోయి, ఆమె బిందెలు తోమే చోట తేలేవట. "నీ రంగంతా నా బిందెలకే అంటుకుంటది" అని ఇంటికి పోగానే తిట్టేదట. కానీ ఏ రోజైనా పెచ్చులు రాకపోతే, మనిషికి ఏమైందోనని గాబరాపడి అన్నం గిన్నె పట్టుకుని పడవెక్కి వచ్చేసేదట.

చాచీ భూపాలపల్లి దవాఖానలో పోయింది. మట్టి చేయడానికి ఆమెను ఇదే రేవు నుంచి పడవలో అవతలికి దాటించారు. ఆ దారంతా శవం ఒరగకుండా పట్టుకుని కూర్చున్నది చాచానే. ఆ తర్వాత కొడుకు అకీల్ దగ్గరికి, ఈ ఒడ్డుకు వచ్చేశాడు. మళ్లీ పడవెక్కలేదు.

"పెచ్చులు పోతే, నేనున్నానని దానికి ఎరుకైతది" అన్నాడు. "షెడ్డుల గీకుతే ఎట్ల ఎరుకైతది, ప్రేమలతా?"

నా కోపం ఎటు పోయిందో! అట్లాగని వదిలేస్తే ఎట్లా? ఆ ఒడ్డున ఇప్పటికీ ఆడవాళ్లు బిందెలు ముంచుతున్నారు. చెయ్యి చాచాను. మిగిలిన పెచ్చులను రుమాల్లోనే మూటకట్టి నా చేతిలో పెట్టాడు. ఆ రోజంతా నాకు ఏ పనీ చేతకాలేదు. మంచి పనే చేశాను, అయినా ఏడుపొచ్చింది.

రంగు ఆరాక పడవను నీళ్లలోకి దించాం. మా ఆయన పోశాలు తెడ్డు అందుకున్నాడు, నేను ఎక్కాను. చాచా రేవులోనే నిలబడి ఉన్నాడు. ఎప్పటిలాగే వెనక్కి తిరిగి పోతాడనుకున్నాను. చెప్పులు విడిచాడు. పడవ అంచు రెండు చేతులా పట్టుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు. "తోలు, పోశాలూ" అన్నాడు. దారిలో ఎవరినీ తిట్టలేదు.

అవతల గట్టెక్కితే ఖబరస్తాన్. మేం పడవ దగ్గరే ఆగాం. చాచీ సమాధి పక్కన కూర్చుని, కొత్త నీలిరంగు మరకలున్న అరచేతిని మట్టిమీద ఆనించాడు. వాళ్లింటి ఉర్దూలో చాలాసేపు మాట్లాడాడు. నాకు అర్థమైంది ఇంతే:

"ఇగ నీ బిందెకు రంగు అంటదు, హాజిరా. నేనే వచ్చిన."