శ్రీపతి రాసిన తొమ్మిదో పేరా

పులివెందుల రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ముప్ఫై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాడు శ్రీపతి. ఆయన కాగితంలో హద్దు తప్పదు, సర్వే నంబరు తప్పదు. ఆ సంగతి ఊరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఎవరైనా తప్పు పట్టారంటే వారం రోజులు అన్నం సయించేది కాదు. అయితే ఈ పనిలో ఎవరూ కాగితాన్ని కొత్తగా రాయరు. పాతది తీసి, పేర్లు మార్చి చేతిలో పెడతారు. శ్రీపతీ అంతే.

ఒక మధ్యాహ్నం పార్వతమ్మ వచ్చింది. తొండూరు చీనీతోటల నారాయణరెడ్డి భార్య. ఆయన పోయి రెండేళ్లు. కూతురు ప్రత్యూషకు ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా అన్నం కలిపి తినిపించాల్సిందే. అందుకే నారాయణరెడ్డి బతికుండగానే తోటనూ ఇంటినీ ట్రస్టు చేశాడు. ప్రత్యూష ఉన్నంతకాలం అవి ఆ పిల్లకే, ఆ తర్వాతే అన్నదమ్ములు నరేష్, వివేక్‌లకు. ఆ ఇద్దరూ, తల్లీ ట్రస్టీలు. పత్రం రాసింది శ్రీపతే.

“పిల్లోల్లు ట్రస్టు రద్దు చేస్తామంటాండారు స్వామీ,” అంది పార్వతమ్మ. “నేనొద్దన్నా ఇద్దురి సంతకాలు చాలంట. ఆస్తి మూడు బాగాలు చేసుకుంటారంట. పాప బాగం నరేష్ చేతిలో ఉంటాదంట. ఇల్లు అమ్మేసి, పాపను తిరుపతి కాడ యాడనో ఆశ్రమంలో ఏస్తారంట. నేను లేకుంటే అది ముద్ద ముట్టదు స్వామీ.”

శ్రీపతి పత్రం తీసుకుని తొమ్మిదో పేరా చదివాడు. ‘ట్రస్టీలలో అధిక సంఖ్యాకులు కోరిన యెడల ట్రస్టును రద్దుపరచి, ఆస్తిని లబ్ధిదారులకు సమానముగా పంచవచ్చును.’

మళ్లీ చదివాడు. అది జమ్మలమడుగులో సత్రం కట్టిన అన్నదమ్ములు అడిగి రాయించుకున్న పేరా. నారాయణరెడ్డి ఆ మాటే ఎత్తలేదు. పైగా ఇదే బెంచీ మీద కూర్చుని, “ఎవురూ కదిలించేదానికి లేకుండా రాయాల స్వామీ,” అని రెండుసార్లు చెప్పాడు. శ్రీపతి సత్రం కాగితంలో పేర్లు మార్చాడు, ఆ పేరా తీసేయడం మరిచాడు. నారాయణరెడ్డి చదివి చూసుకోలేదు. శ్రీపతి రాశాడంటే ఇంకేం చదవడం!

“ప్రొద్దుటూరు లాయరు ఒక దోవ చెప్పినాడు,” అంది పార్వతమ్మ. “రాసినాయన కోర్టుకొచ్చి, ఇది రెడ్డి చెప్పలేదు, నేనే పొరపాటున పెట్టినా అంటే, రద్దు ఆపేదానికి అవుతాదన్యాడు. చెప్పండి స్వామీ, ఆ మాట ఆయన రాయమన్యాడా?”

లేదమ్మా అనాలి. అంతే, ఒక్క మాట. పక్క బల్ల దగ్గర స్టాంపు పేపర్లు అమ్మే సిరాజుద్దీన్ తల తిప్పి ఇటు చూశాడు. సాయంత్రానికి బజారంతా తెలిసిపోతుంది. అదే పేరా ఇంకా ఎన్ని ట్రస్టుల్లోకి ఎక్కిందో, ఎంతమంది వచ్చి మీద పడతారో. పిరికివాడు వెతికితే కారణాలకు కరువా!

“ఆయనే రాయమన్నాడమ్మా,” అన్నాడు శ్రీపతి. “ముందుముందు అవసరం పడొచ్చన్నాడు.”

పార్వతమ్మ పత్రం వెనక్కి తీసుకుంది.

“ఆయనేనా,” అంది. “కొడుకుల్ని శానా తిట్టుకుంటి స్వామీ.”

పత్రం మడిచి, చీర కొంగుతో ముఖం తుడుచుకుని బస్టాండు వైపు నడిచింది. పిలిచి నిజం చెప్పడానికి ఆమె మలుపు తిరిగేదాకా సమయం ఉంది. శ్రీపతి కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

నెల తిరక్కముందే నరేష్ వచ్చి రద్దు పత్రం కూడా ఆయన చేతనే రాయించాడు. అన్నదమ్ములు సంతకాలు చేశారు. చట్టానికి ఆ రెండూ చాలు. కానీ పార్వతమ్మ పెన్ను అడిగి తీసుకుని, వాటి కింద తన సంతకం కూడా పెట్టింది.

“ఆయన ఇష్టమే ఇదైతే అడ్డం పడేదానికి నేనెవురు స్వామీ,” అంది. “పాపకూ చెప్పినా, ఆశ్రమానికి మీ నాయనే పంపిస్తాండాడని. నాయన పేరు వింటానే నవ్వింది.”