బావ చేతివాటం

మెకానిక్ షెడ్డులో ఆయన్ని అందరూ లాయరు అనే పిలుస్తారు. నల్లకోటు ఎన్నడూ తొడిగింది లేదు. రోజూ వేసుకునేది మోకాళ్ళ దగ్గర అతుకులు పడ్డ నీలం ప్యాంటు. కానీ బండి జబ్బేమిటో తేలకుండా స్పానర్ ముట్టుకోడు. "ముద్దాయి ఎవరో ముందు తేలాలి, శిక్ష తరవాత" అంటాడు. గోడకు తగిలించిన నల్లబల్ల మీద అనుమానితుల పేర్లు సుద్దతో రాస్తాడు. పైపు, క్లిప్పు, పంపు, రేడియేటరు. సాక్ష్యం దొరకనివాటిని ఒక్కొక్కటే కొట్టేస్తాడు. ఓపిక లేని కస్టమర్లు విసుక్కుని వేరే షెడ్డుకు పోతారు. కొన్నాళ్ళకు, అనవసరంగా పీకించుకున్న పాత సామాను సంచిలో వేసుకుని తిరిగొస్తారు.

సాయంత్రం ఆరవగానే చేతుల జిడ్డు సబ్బుపొడితో వదిలించుకుని, రోడ్డు దాటి బావ టైలరు షాపుకు వెళతాడు. అక్కడ ఇస్త్రీబల్ల పక్కన ఒక పొట్టి స్టూలుంది. అది ఆయనదే. ఇద్దరూ టీ తాగుతూ, రోడ్డు మీద పోయేవాళ్ళ నడకల మీదా చొక్కాల మీదా వ్యాఖ్యానాలు చేసుకుంటూ ఏడున్నర చేస్తారు. లాయరుకు వేరే స్నేహితులు లేరు. కావాలనీ ఎప్పుడూ అనిపించలేదు.

చిక్కంతా అక్క కారుతో వచ్చింది. అక్క అంటే ఆ బావ భార్యే. మంచం పట్టిన పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించే వ్యాయామాలు చేయిస్తుంది. రోజుకు ఏడిళ్ళు. అందుకోసం ఒక హైబ్రిడ్ కారు కొనుక్కుంది. అది కాసేపు పెట్రోలుతో, కాసేపు కరెంటుతో నడుస్తుంది. దానికి కూలెంటు డబ్బాలు రెండు. పెద్దది ఇంజన్ను చల్లబరచడానికి. చిన్నది, బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే పెట్టెను చల్లబరచడానికి. వేసవి మొదట్లో లాయరే రెండిట్లోనూ పాతది తీసేసి కొత్త కూలెంటు పోశాడు.

పది రోజులకు అక్క వచ్చి, "ఒరేయ్, చిన్న డబ్బాలో కూలెంటు గీత కిందికి దిగిందిరా" అంది.

నింపాడు. వారానికి మళ్ళీ దిగింది. మళ్ళీ నింపాడు. కారు కింద చుక్క లేదు. పైపుల మీద చెమ్మ లేదు. చేతిపంపుతో ఒత్తిడి పెట్టి అరగంట కూర్చుంటే పంపు మీటరు ముల్లు కదల్లేదు. నల్లబల్ల మీద పేర్లన్నీ కొట్టివేతలే. కంపెనీ సర్వీసు సెంటరు వాళ్ళయితే కారు బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండానే, పెట్టె మొత్తం మార్చాలి, సామాను రావడానికి నెలన్నర అన్నారు.

"నెలన్నర బస్సుల వెంట పరిగెత్తితే వ్యాయామం నాకే అవుతుంది. నువ్వే తేల్చు" అంది అక్క.

అప్పుడు లాయరు బుర్రలో ఒక మూల దీపం వెలిగింది. బావకు ఒక బలహీనత ఉంది. మూత కనబడితే తీయకుండా ఉండలేడు. ఇంట్లో గిన్నెల మూతలు సరే, పక్కవాళ్ళ టిఫిన్ బాక్సులు కూడా. ఒకసారి పంటి డాక్టరు గదిలో ఏదో సీసా మూత తీసి, సాయంత్రం దాకా తుమ్మాడు. పైగా మధ్యాహ్నం భోజనమయ్యాక అక్క కారులో ఏసీ వేసుకుని కునుకు తీసే అలవాటొకటి. లాయరు సుద్ద తీసుకుని నల్లబల్ల మీద పెద్దక్షరాలతో "బావ" అని రాశాడు.

ఆ సాయంత్రమే, "బావా, మూరెడు నల్ల నాడా ఇవ్వు" అన్నాడు.

"దేనికి?"

"ప్యాంటు జారుతోంది."

"నడుమంటూ ఉంటే కదా నిలబడటానికి" అంటూ బావ మంచి నూలు నాడా కత్తిరించి ఇచ్చాడు.

లాయరు దాని ఒక కొన చిన్న డబ్బాలోకి జార్చాడు. రెండో కొన డబ్బా వెనక కిందికి వేలాడదీసి, పైన మూత బిగించాడు. మూత అంచు తగిలే చోట నాడా మీద తెల్లపెయింటు చుక్క పెట్టాడు. ఎవరు మూత తీసినా నాడా జరుగుతుంది, చుక్క చోటు మారుతుంది. అంత చిన్న నాడాతో ఎంత పెద్ద వల వేశానా అని తనలో తనే మురిసిపోయాడు.

నాలుగు రోజుల తరవాత చూస్తే కూలెంటు రెండు వేళ్ళు తగ్గింది. చుక్క మాత్రం పెట్టిన చోటే ఉంది. ఇంకొకరైతే బావను వదిలేసేవారు. లాయరు ఇంకా గట్టిపడ్డాడు. "తీసినవాడు వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్ళీ పెట్టాడంటే, రోజూ టేపు పట్టుకుని కొలిచేవాడే అయి ఉండాలి."

ఇక మిగిలింది మెరుపు మందు. దాన్ని కూలెంటులో కలిపి, ఊదారంగు దీపం వేసి చూస్తే, కారిన చోటల్లా పచ్చగా మెరుస్తుంది. మెకానిక్కులు దాన్ని పైపులు పట్టుకోవడానికి వాడతారు. లాయరు బావను పట్టుకోవడానికి వాడాడు. మందు కలిపిన మర్నాడు దీపం జేబులో పెట్టుకుని షాపుకు వెళ్ళి, బావను ట్రయల్ రూములోకి లాగి పరదా వేశాడు.

"చేతులు చూపించు బావా."

"ఏం, గోళ్ళు చూస్తావా మాస్టారూ?"

లాయరు దీపం నొక్కాడు. బావ చొక్కా మెడ నుంచి అంచు దాకా ధగధగా మెరిసింది.

"దొరికిపోయావు! ఒళ్ళంతా పూసుకున్నావు కదా! మూత తీసేది నువ్వే. తీస్తే తీశావు, ఆ కూలెంటు ఏం చేసుకుంటున్నావు బావా? నిజం చెప్పు, అక్కతో నేను మాట్లాడతాను."

బావ రెప్ప వేయకుండా చూశాడు. "ఉతికిన తెల్లబట్ట ఏదైనా ఆ దీపానికి మెరుస్తుందిరా. సబ్బుపొడి మహిమ అది. నీ బనీను చూసుకో."

లాయరు మెడ వంచి చూసుకున్నాడు. బనీను కూడా వెన్నెల్లా వెలుగుతోంది. చేతులకేసి చూస్తే, బావ పదివేళ్ళూ మామూలుగానే ఉన్నాయి.

పరదా తీసేసరికి ఎదురుగా, కుట్టించుకున్న జాకెట్టు కోసం వచ్చిన టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది. బావ ముఖం వాడిపోయింది. "నా షాపులో, నా కస్టమరు ఎదుట నన్ను దొంగను చేశావు" అన్నాడు మెల్లగా. ఆ సాయంత్రం లాయరు వెళితే పొట్టి స్టూలు మీద బట్టల మూట ఉంది. బావ తలెత్తలేదు.

మర్నాడూ మూటే. ఆ మర్నాడూ మూటే. ఆరింటికి ఎటు పోవాలో తెలియక లాయరు ఇల్లు చేరి, చక్కెర డబ్బా ఎందుకు తగ్గిందని విచారణ మొదలుపెట్టాడు.

"ఏమండీ, నాకు ఈ కోర్టు వద్దు. వెళ్ళి మా అన్నయ్యగారి కాళ్ళయినా పట్టుకోండి" అంది భార్య.

శనివారం పొద్దున అక్క కారును షెడ్డులో పెట్టించి, షట్టరు దించి, పసుపు కళ్ళద్దాలు పెట్టుకుని, ఈసారి దీపం కారు మీదే వేశాడు. పైపులు శుభ్రం. పంపు శుభ్రం. డబ్బా వెనక్కి తిప్పేసరికి పచ్చటి పామొకటి వేలాడుతోంది! ఎగిరి రెండడుగులు వెనక్కి దూకాడు. పాము కదల్లేదు. దాని తోక కొసన పచ్చటి బొట్టొకటి ఊరి, ఊరి, కిందికి జారింది.

నాడా. నూలు నాడా కూలెంటును పీల్చి, డబ్బా అంచు దాటించి, బొట్టుబొట్టుగా దించుతోంది. కింద, శబ్దం రాకుండా అడుగురేకు మీద అతికించిన స్పాంజి దాన్ని తాగేస్తోంది. నేల తడవకపోవడానికి కారణం అదే.

మరి నాడా కట్టకముందు? లాయరు టైరు మీద కూలబడ్డాడు. కొత్త కూలెంటు పోసిన రోజు పైపుల్లో చిక్కిన గాలిని పూర్తిగా వదలలేదు. అది రోజులు గడిచేకొద్దీ పైకి వచ్చేసింది, ఆ మేరకు డబ్బాలో మట్టం దిగింది. అదేం జబ్బు కాదు. రెండుసార్లు నింపాక దానంతటదే ఆగిపోయి ఉంటుంది. సరిగ్గా అప్పుడే నాడా డ్యూటీలో చేరింది.

నాడా లాగి జేబులో కుక్కుకున్నాడు. మూత రబ్బరు అరిగింది, మార్చేశాను అంటే అక్క నమ్ముతుంది. పేరు కూడా వస్తుంది. అడిగేవారు లేరు. కానీ స్టూలు మీద మూట?

రోడ్డు దాటాడు. బావ మిషను తొక్కుతున్నాడు. జాకెట్టు చేతులు వదులయ్యాయని చెబుతూ టీచరమ్మ పక్కనే ఉంది.

"బావా, కూలెంటు తాగింది నేను కట్టిన నాడాయే. మొదట తగ్గింది నేను వదలని గాలి వల్ల. నువ్వు మూత ముట్టుకోనే లేదు."

మిషను ఆగింది. "శబ్దంలో వినపడలేదు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు.

"టీచరమ్మగారికి అర్థమైనట్టు లేదు. నిదానంగా చెప్పు."

నిదానంగా చెప్పాడు. టీచరమ్మ జాకెట్టు సంగతి మరిచిపోయి నవ్వింది. బావ మూట తీసి పక్కన పెట్టాడు గాని ఇంకా కరగలేదు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి ఒకాయన వస్తే, "మా బావమరిది ఒక కథ చెబుతాడు, వినండి" అన్నాడు. బొత్తాల కోసం ఒక ముసలాయన వస్తే ఆయన్నీ కూర్చోబెట్టాడు.

అయిదోసారికి లాయరుకు ఊపొచ్చింది. ఈసారి కథలో పాము బుస కొట్టింది. తను షట్టరు దాకా ఎగిరాడు. "నాడా కొస నుంచి బిందెడు నీళ్ళు ధారగా..."

"ఏయ్, ఆగు" అన్నాడు బావ, నోట్లో సూది పెట్టుకునే. "ఇందాక బొట్టన్నావు. సాక్షుల ముందు మాట మారుస్తావేం? మొదటినుంచీ చెప్పు."

లాయరు టీ ఒక గుక్క తాగి, గొంతు సవరించుకుని, మొదటినుంచీ మొదలుపెట్టాడు.