యాదగిరి సారు చిటికెన వేలు

మన మెకానికల్ ఇంజనీరింగ్ శాఖ విశ్రాంత ఆచార్యులు యాదగిరి గారు గురువారం ఉదయం తార్నాకలోని స్వగృహంలో గుండెపోటుతో పరమపదించారని సహాధ్యాయి ప్రభాకర్ ఫోన్‌లో చెప్పగానే, దిగ్భ్రాంతితో నేను బేరమాడాను. "పోయారనకు. సీరియస్‌గా ఉన్నారను, ఒప్పుకుంటా" అన్నాను. నల్లకుంటలో స్టీలు సామాన్ల దుకాణంలో గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. ఎదుటివాడు చెప్పిన మాటను చెప్పినట్టే ఒప్పుకోవడం మా ఇంటా వంటా లేదు. ప్రభాకర్ మాత్రం ఏమీ తగ్గించలేదు.

ఉద్యోగ విరమణానంతరం కూడా సారు నిత్యం క్యాంపస్‌కు వచ్చి, వర్క్‌షాప్ వెనక షెడ్డులో శిష్యకోటి ధర్మసందేహాలు తీర్చేవారు. వేగం మీద మోజుతో కారు కొన్న ప్రతివాడి సందేహమూ ఒకటే: మలుపుల్లో బాడీ మెలి తిరగకుండా అడ్డంగా ఏ ఉక్కు బార్ బిగించాలి? ఇంజను పైనా, వెనక సీటు వెనకా, బండి అడుగునా? సారు నోటితో జవాబు చెప్పేవారు కారు. కారు వెనక మూల ఒకదానికి జాకీ పెట్టి లేపేవారు. వెనక తలుపు తెరిచి, చిటికెన వేలితో నెట్టేవారు. మెత్తగా మూసుకుంటే బాడీ గట్టిదే, ఏ బారూ వద్దు. అంచుకు రాసుకుని ఆగితే బాడీ మెలి తిరుగుతోంది, అప్పుడు ఆలోచించాలి. శాఖలో ఖరీదైన యంత్రాలెన్ని ఉన్నా, ఆ వేలి తీర్పుకు అప్పీలు ఉండేది కాదు.

ఒకసారి అడిక్‌మెట్‌లో అద్దెకుండే పరిశోధక విద్యార్థి ఒకడు, బజారులో దొరికే బార్లన్నీ బిగించుకుని ఆశీర్వచనం కోసం వచ్చాడు. సారు బార్ల వంక చూడనే లేదు. వంగి, నున్నగా అరిగిపోయిన టైర్లను నిమిరారు. "చెప్పుల్లేవు గని సూటేసుకున్నవ్ బిడ్డా" అన్నారు. వాడిప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు. టైర్లు కూడా మంచివే వాడుతున్నాడు.

ఇక నా సంగతి. అమ్మేవాణ్ని ఏడిపించి ఓ పాత టర్బో కారు కొన్నాననుకున్నాను. తార్నాక మలుపులో స్టీరింగ్ ఒక మాట, వెనక చక్రాలు ఇంకో మాట చెబుతుంటే ఎవరు ఎవర్ని ఏడిపించారో తెలిసింది. వచ్చే నెల రేస్ ట్రాక్ మీద నడుపుతానని అందరికీ చాటింపు వేసుకున్నాను. ఆ బండితో ట్రాక్ ఎక్కడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు. రామంతాపూర్‌లో ఓ దుకాణదారుణ్ని సతాయించి, మూడు బార్లూ సెట్టుగా సాధించి, విజయగర్వంతో సారు ముందు పరిచాను.

"ఏందమ్మా, పెండ్లి సామానా?"

"సెట్టు సార్. విడిగా కొంటే గిట్టుబాటు కాదు."

"ఎవలికి? నీకా, బండికా?"

జాకీ లేచింది. తలుపు రాసుకుని ఆగింది. నా ముఖం వెలిగిపోయింది. "చూశారా సార్, మూడూ కావాలి!"

"తలుపు ఆగితే సంబురపడ్డదాన్ని నిన్నే చూస్తున్న" అంటూ ఆయన బండి కిందికి దూరి, చక్రాల కీళ్ళ దగ్గర అరిగిన రబ్బరు బుష్‌లు చూపించారు. "ముందుగాల ఇవి మార్చు. తర్వాత అడుగు బార్ ఒక్కటే బిగియ్యి. అన్నీ ఒక్కపారే బిగిస్తే ఏది పనిచేసిందో ఎట్ల తెలుస్తది? కొన్ని దినాలు నడిపి, ఆదివారం ఇంటికి తీస్కరా. మిగిలిన రెండిటి సంగతి అప్పుడు చూద్దాం."

"కనీసం రెండు, సార్…"

"ఒకటి."

ధర తగ్గించడమే నాకు తెలిసిన విద్య. ఆయన వస్తువునే తగ్గించేవారు.

ఆ ఆదివారం రాకముందే గురువారం వచ్చింది.

అప్పటికే బుష్‌లు మార్పించి, అడుగు బార్ ఒక్కటే బిగించిన ఆ కారులోనే ఆదివారం పరామర్శకు వెళ్ళాను. సారు సతీమణి అనసూయమ్మ గారు నన్ను చూడగానే లోపలికి వెళ్ళి, జాకీ తెచ్చి నా ముందు పెట్టారు. "బుధవారమే తుడిచి పెట్టిన్రు, నువ్వొస్తవని."

చావింటి ముందు కారు లేపుతుంటే బంధువులందరూ బయటికొచ్చారు. "పంచరయిందా బిడ్డా?" అన్నారొక పెద్దాయన.

"కాదండీ. సారు చెప్పిన పని."

ఆయన మరో ప్రశ్న వేయకుండా ఇటుక తెచ్చి ముందు చక్రానికి అడ్డం పెట్టారు.

తలుపు తెరిచి చిటికెన వేలు ఆనించాను. నిజానికి అది ఆగాలనే కోరుకున్నాను. ఆగితే సారుతో ఇంకా పని మిగిలి ఉన్నట్టే కదా! తలుపు మెత్తగా మూసుకుంది.

"మూసుకున్నదా?" గుమ్మంలోంచి అనసూయమ్మ గారు అడిగారు.

"మూసుకుంది, మేడమ్."

"అయితే మిగిలిన రెండూ ఇగ వద్దంటరు."

మర్నాడు మిగిలిన రెండు బార్లూ వాపసు ఇచ్చేశాను. దుకాణదారు ఎంతిస్తే అంత తీసుకుంటుంటే, "ఒంట్ల బాగలేదా మేడమ్?" అని ఆందోళనపడ్డాడు.

తీసుకోమనేవాళ్ళు ఈ నగరంలో వీధివీధినా ఉన్నారు. వద్దని చెప్పి పంపే మహానుభావుడు మనకు ఒక్కరే ఉండేవారు. ఆ స్థానం భర్తీ కాదు. ఆ పుణ్యమూర్తి స్మృతికి సాష్టాంగ ప్రణామం చేస్తూ విన్నవించుకుంటున్నాను: వచ్చే నెల ట్రాక్ మీదికి వెళ్తున్నాను, సార్. ఒక్క బార్‌తోనే. బేరం లేదు.